దేవుడి బుడిపె

జబ్బు లేని బండికి మూడు నెలలు వైద్యం చేసినవాణ్ణి నేను. ఈ మాట చెబితే ఇప్పటి మెకానిక్కు కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు షెడ్లలో గ్రీజు పూసుకుని బతికాక నవ్వులు పెద్దగా అంటవు. అయితే ఆ మూడు నెలల్లో నేను పాడుచేసింది బండిని కాదు, ఒక మనిషి పేరుని. అందుకని నవ్వడం అయ్యాక మిగిలింది కూడా వినండి.

అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. రాయగడలో పుట్టి పెరిగిన నేను, ఇరవై నాలుగేళ్ళ వయసులో కోరాపుట్‌లో ఒక బస్సుల షెడ్లో మెకానిక్కుగా కుదిరాను. షెడ్డుకి వచ్చేవన్నీ అమెరికా లారీలు, ఇంగ్లీషు బస్సులు. వాటి లోపలి సంగతులు నాకు కొట్టినపిండి. చెవి పెట్టి వింటే చాలు, ఏ సిలిండరు మూలుగుతోందో చెప్పేసేవాణ్ణి. పొగరు కూడా ఆ మేరకే ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున షెడ్డు ముందు డుబుక్ డుబుక్ మని వింత చప్పుడు చేస్తూ, నీలం పొగ వదులుతూ ఒక చిన్న కారు వచ్చి ఆగింది. జర్మనీ కారు. అప్పటికే దానికి ఇరవై ఏళ్ళ వయసు. నడుపుతున్నవాడు అరవై దాటిన ముసలాయన, తలకి కాకీ గుడ్డ చుట్టుకున్నాడు. వెనక సీట్లో ఉన్నాయన కారు యజమాని. పూర్వం జమీందారీ కచేరీలో పేష్కారుగా చేసి విశ్రాంతి తీసుకున్నారు, అందుకని ఊరంతా ఆయన్ని పేష్కారు గారనే పిలిచేవారు.

ఆ కారుకి ఒక కథ ఉంది. కొండల్లో బడి నడిపే ఒక జర్మనీ పాదిరీ దొర దాన్ని ఓడమీద తెప్పించుకున్నాడు. యుద్ధం మొదలవగానే జర్మనీవాళ్ళని సర్కారు పట్టుకుపోయింది. ఆ దొర వెళ్తూ వెళ్తూ కారునీ, కారుతోపాటు డ్రైవరునీ తన స్నేహితుడైన పేష్కారు గారికి అప్పజెప్పాడు. మళ్ళీ తిరిగి రాలేదు. కారుతో వచ్చిన పుస్తకం ఒకటి ఉండేదట. అది ఎలాగూ జర్మనీ భాషలోనే ఉంది, దాన్ని చెదలు చదివేశాయి.

బానెట్టు ఎత్తి చూశానో లేదో, నాకు మతిపోయింది. రెండే సిలిండర్లు. వాల్వులు లేవు. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యాలట. వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి, బండిని లాగేవి ముందు చక్రాలు. ఒళ్ళంతా రేకు కాదు, పలచటి చెక్క, దానిమీద తోలులాంటి గుడ్డ. ఒక తలుపుని చెదలు సగం తినేసి ఉన్నాయి. కారుకి మెకానిక్కు కన్నా వడ్రంగి అవసరం ఎక్కువుండడం నా జన్మలో మొదటిసారి చూశాను. అక్కడికక్కడే ఆ బండి మీద మనసు పడిపోయింది. దాన్ని చూసినప్పటినుంచీ షెడ్లో ఉన్న లారీలన్నీ నాకు గేదెల్లా కనిపించాయి.

దాని నట్లన్నీ మిల్లీమీటర్ల కొలత, నా ఇంచీ స్పానర్లు ఒక్కటీ దానికి పట్టలేదు. ఒకటి వదులు, దాని కిందది ఎక్కదు. కమ్మరి దగ్గర కూర్చుని, ఆకురాయితో రాయించి, ఆ బండి కోసమే ఆరు స్పానర్లు చేయించుకున్నాను. ఆదివారాలు షెడ్డుకి సెలవు. నేను మాత్రం పేష్కారు గారి పెరట్లోనే ఉండేవాణ్ణి. జీతం లేదు, బత్తెం లేదు. అమ్మగారు, అంటే పేష్కారు గారి భార్య, పెట్టే పెసరట్లు తిని, నల్లటి చేతులతో ఆ ఇంజను ముందు కూర్చుంటే నాకు పండగే. కార్బరేటరు విప్పి కడిగి బిగించి, మొదటిసారి నా చేత్తో స్టార్టు చేసినప్పుడు అది డుబుక్ మంటే ఎగిరి గంతేశాను.

డ్రైవరుని నేను మావా అని పిలిచేవాణ్ణి. సాలూరు దగ్గర పల్లెవాడు. అక్షరం ముక్క రాదు కానీ, చేతుల్లో విద్య ఉంది. ఒకసారి వానాకాలంలో సెమిలిగుడ సంత దారిలో ఎర్రమట్టి మెట్ట ఎక్కాలి. నేనే నడుపుతున్నాను. ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గానీ బండి కదలదు. మావ నన్ను దింపి, తను ఎక్కి, బండిని వెనక్కి తిప్పి, రివర్సు గేర్లో ఆ మెట్టంతా వెనక్కి ఎక్కించేశాడు. సంతకి బుట్టలెత్తుకుని వచ్చిన కొండవాళ్ళు పగలబడి నవ్వారు. నేను మాత్రం ముక్కు మీద వేలేసుకున్నాను. బరువు ముందు చక్రాల మీద పడాలంటే అదొక్కటే దారి. ఆ లెక్క ఆయనకి ఎవరూ చెప్పలేదు, బండే నేర్పింది.

అయితే మావకి ఒక పిచ్చి ఉందని నా అభిప్రాయం. స్టీరింగు కింద ఎడమ పక్కన ఒక తెల్లటి పింగాణీ బుడిపె ఉండేది. దానిమీద ఏవో అక్షరాలు ఉండేవేమో, పసుపూ కుంకుమా రాసి రాసి అవి అరిగిపోయాయి. చుట్టూ ఎండిపోయిన దారాలు. సాలూరు దారిలో సుంకి ఘాటు, అంటే కొండ దారి, దిగబోయే ముందు కొండ అంచున అమ్మవారి రాయి ఉంది. డ్రైవర్లందరూ అక్కడ ఆగి దండం పెట్టుకునేవారు. మావ దండంతో ఊరుకోడు, ఆ బుడిపెకి నిమ్మకాయ కడతాడు. ఘాటు దిగాక ఆ కాయ తీసి చక్రం కింద పెట్టి తొక్కించి, అప్పుడు గానీ ముందుకి పోడు. అదేమిటి అని అడిగితే, అది దేవుడి బుడిపె, దాన్ని ముట్టకు అన్నాడు. చలిదేశం బండి కదా, లోపలికి వెచ్చగాలి రావడానికి ఏదో పెట్టి ఉంటారు, మనకెందుకులే అనుకున్నాను. బండి అంతా విప్పినవాణ్ణి, ఆ ఒక్కటీ విప్పలేదు. దేవుడి సొత్తు కదా మరి.

ఇక్కడ మీకు ఘాటు దిగడం గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఏటవాలు దారిలో బ్రేకులొక్కటే నమ్ముకుంటే అవి కాలిపోతాయి. చిన్న గేర్లో పెట్టి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇది డ్రైవరైన ప్రతివాడికీ తెలుసు. కొందరు కక్కుర్తిగాళ్ళు మాత్రం గేరు తీసేసి న్యూట్రల్లో జారవిడిచి, మిగిలిన పెట్రోలు అమ్ముకునేవారు. ఘాటు రోడ్డు మీద అంతకన్నా పెద్ద నేరం లేదు. అలాంటివాడని పేరు పడితే వాడికి స్టీరింగు ఎవరూ ఇవ్వరు.

ఆ చలికాలంలో పేష్కారు గారి దంపతులు సాలూరులో రైలెక్కి ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. మావకి మన్యం జ్వరం, దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. నేను తీసుకెళ్తానన్నాను. ఆ బండిని ఘాటు మీద నడపాలని ఎన్నాళ్ళనుంచో నా చేతులు దురద పెడుతున్నాయి. మావ మంచం మీంచే ఒక నిమ్మకాయ పంపించి, కట్టడం మరిచిపోవద్దని కబురు చెప్పాడు. ఆ కాయని సాలూరులో సోడాలో పిండుకుని తాగుదామని జేబులో వేసుకున్నాను.

మొదటి మలుపు తిరగగానే చిన్న గేర్లో పెట్టి కాలు తీశాను. బండి ఆగలేదు సరికదా, జారడం మొదలెట్టింది. ఇంజను హాయిగా డుబుక్ డుబుక్ మని తన మానాన తను తిరుగుతోంది. బండి తన మానాన తను పరిగెడుతోంది. రెండింటికీ సంబంధం లేదు. గేరు చూసుకున్నాను, వేసే ఉంది. మొదటి గేరుకి దించాను. ఏమీ లేదు. ఆ బండి బ్రేకులు తీగలతో లాగేవి. నాలుగు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన, తరవాత పొగ, ఆ తరవాత ఎంత తొక్కినా పట్టు లేదు. ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. అమ్మగారు రెండు చేతులతో ముందు సీటు పట్టుకున్నారు. కొండ పక్కన ఉన్న వాననీటి కాలవలోకి చక్రాలు దింపి, గట్టుకి రాసుకుంటూ పోతే, నూరు గజాలు ఈడ్చుకుపోయి ఆగింది. వడ్రంగి చేసిన కొత్త తలుపు ఊడి పడింది. పేష్కారు గారి నుదురు చిట్లింది. ఇంకో మలుపు దాటి ఉంటే ఈ కథ చెప్పడానికి నేనుండను.

బండిని లారీ వెనక కట్టి ఈడ్చుకొచ్చారు. గేరుపెట్టె విప్పాను. లోపల ఒక ఉక్కు ఉంగరం, దానిలో చిన్న చిన్న రోలర్లు. చేత్తో ఒక పక్కకి తిప్పితే పట్టుకుంటోంది, రెండో పక్కకి తిప్పితే జారిపోతోంది. దొరికింది దొంగ అనుకున్నాను. అవి అరిగిపోయి జారుతున్నాయి, అందుకే ఇంజను పట్టు చక్రాలకి అందలేదు. ఎందుకరిగాయి? నాకున్న తెలివంతా ఉపయోగించి ఒక సిద్ధాంతం కనిపెట్టాను. ఏళ్ళ తరబడి న్యూట్రల్లో జారవిడిచి, మధ్యలో గేరు ఠకీమని వేస్తుంటే ఇలా అవుతుంది. ఆ పెట్టె పక్కన చెవిలాంటి ఒక చిన్న ఇనప ముక్క, దానికొక తీగ కనిపించాయి. అది స్పీడు చూపించే ముల్లు తాలూకు తీగ అయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ ముల్లు ఎలాగూ చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. తీగ ఎక్కడికి పోతోందో వంగి చూసి ఉంటే ఒక్క నిమిషం పట్టేది.

పేష్కారు గారి వసారాలో పంచాయితీ జరిగింది. నేను రోలర్లు పళ్ళెంలో పెట్టి, వైద్యుడు రోగం చెప్పినట్టు చెప్పాను. మావ జ్వరం మీంచి లేచి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడైనా న్యూట్రల్లో దించావా అని పేష్కారు గారు అడిగారు. లారీల మీద ఉన్నప్పుడు కుర్రతనంలో చేశాననీ, ఈ బండి మీద ఒక్కనాడూ లేదనీ అన్నాడు. అబద్ధం చెప్పాలనుకుంటే ఆ మొదటి ముక్క చెప్పేవాడే కాదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

"మరి నీకెప్పుడూ పరిగెత్తని బండి ఇతనికెందుకు పరిగెత్తిందోయ్?" అన్నారు పేష్కారు గారు.

"కాయ కట్టలేదండి, బాబుగారూ. కడితే పట్టుకుంటాది."

ముందు నవ్వింది నేనే. తరవాత వసారాలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అమ్మగారు ఒక్కరే నవ్వలేదు. మావ నన్ను చూసి, తాళం చెవి అరుగు మీద పెట్టి, స్తంభాలు పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మూడు రోజుల్లో కబురు బస్టాండంతా పాకింది. కొందరు నిమ్మకాయ డ్రైవరన్నారు, కొందరు పెట్రోలు దొంగన్నారు. మొదటి పేరు వెక్కిరింత, రెండోది కూటికి ఎసరు. జ్వరం తగ్గాక ఆయన నాలుగు చోట్ల పనికోసం తిరిగాడు. ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. టీ దుకాణం ముందు రాతి మీద కొన్నాళ్ళు కూర్చున్నాడు. తరవాత అక్కడికీ రావడం మానేశాడు.

నేనేమో రోగం కుదర్చాలనే హుషారులో ఉన్నాను. రోలర్లు తువ్వాల్లో మూటగట్టుకుని రాయగడ బస్సెక్కాను. అక్కడ నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన లేతు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన అద్దాలు ముక్కు మీదకి లాక్కుని, ఒక రోలరుని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు.

"అరగలేదురా ఇది. అరిగితే గీత పడతాది. అద్దంలాగుంది సూడు. సైకిలు ఫ్రీవీలు ఉంటాది కదా, ఆ మాదిరి సేసినట్టున్నాడు. కావాలనే సేసినట్టున్నాడు."

కారుకి సైకిలు సామాను ఎవడు పెడతాడు మేస్త్రీ అని నేను ఎదురు నవ్వాను. కొంచెం లావుగా కొత్తవి తిప్పి ఇమ్మని పట్టుబట్టాను. సరే నీ ఇష్టం అని తిప్పి ఇచ్చాడు. తెచ్చి వేస్తే బండి అంగుళం కదల్లేదు, అంతా బిగుసుకుపోయింది. మళ్ళీ పాతవి వేశాను. మళ్ళీ జారడం. ఇలా మూడుసార్లు విప్పాను, మూడుసార్లు బిగించాను. తల ప్రాణం తోకకి వచ్చింది. చివరికి పేష్కారు గారికి విసుగొచ్చింది. సాలూరులో పాత ఇనప సామాను కొనే వ్యాపారికి బండి ఇచ్చేస్తానని కబురు పంపించారు. వాడు ఇంజను కరగబెట్టుకుంటాడు, చెక్క పొయ్యిలోకి పోతుంది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

బండిని సాలూరు దించే పని నామీదే పడింది. దగ్గరుండి శ్మశానానికి తీసుకెళ్ళమన్నట్టు అనిపించింది. బయల్దేరే పొద్దున చూస్తే, ముందు సీట్లో మావ కూర్చుని ఉన్నాడు. ఆఖరిసారి బండితో వెళ్తానని అమ్మగారిని అడిగాడట, ఆవిడ సరే అన్నారు. మూడు నెలల్లో మనిషి సగమయ్యాడు. నేను పలకరిస్తే తల ఊపాడు. సెమిలిగుడ దాటాం, పొట్టంగి దాటాం.

ఘాటు దిగడానికి నేను వేసుకున్న పథకం ఒక్కటే. పది గజాలు దింపడం, ఆపడం, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టడం, బ్రేకులు చల్లారనివ్వడం. సాయంత్రానికైనా కిందికి చేరకపోతామా అనుకున్నాను. కొండ అంచున అమ్మవారి రాయి దగ్గరకి వచ్చేసరికి మావ ఆపమన్నాడు. నేను వినిపించుకోనట్టు పోనిస్తున్నాను.

"ఆపు బాబూ. కాయ కట్టకుండా దిగితే నాను ఇక్కడే దిగిపోతాను. నువ్వు ఎల్లు."

ఆపాను. ఎందుకులే, ఆఖరిసారి, ముసలాయన ముచ్చట తీరనీ అనుకున్నాను. మావ దిగి రాయికి దండం పెట్టుకుని వచ్చి, జేబులోంచి దారం గుచ్చిన కాయ తీశాడు. బుడిపె వెనక మెడలాంటి సన్నటి గాడి ఉంది. దారం ఆ గాడిలోకి వెళ్ళాలంటే బుడిపెని రెండంగుళాలు బయటికి లాగాలి. ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. నా కాళ్ళ కింద, ఎక్కడో పెట్టె దగ్గర, టక్ మని చిన్న చప్పుడు వినిపించింది.

మెకానిక్కు చెవి కదా, వినిపించింది. కానీ బుర్రకి ఎక్కలేదు. చిన్న గేర్లో పెట్టి, బ్రేకు మీద కాలు బిగబట్టి వాలులోకి దింపాను. దిమ్మలు పెట్టడానికి ఆపుదామని చూద్దును కదా, బండి తనంతట తనే మెల్లగా నడుస్తోంది. అనుమానం వచ్చి బ్రేకు వదిలాను. ఇంజను గుర్రుమంది. బండిని వెనక్కి పట్టుకుంది! ఎడ్లబండిలా, బుద్ధిగా, నడుస్తోంది. మావ వైపు చూశాను. ఆయన తాపీగా కొండలు చూస్తున్నాడు.

పక్కకి ఆపి దిగిపోయాను. బానెట్టు ఎత్తడం కాదు, నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరాను. దారం వదులు చేసి బుడిపె లోపలికి తోయమన్నాను. తోశాడు. నేను స్పీడు తీగ అనుకున్న ఆ తీగ కదిలింది, దాని చివర ఉన్న చెవి పక్కకి ఒరిగింది. మళ్ళీ లాగమన్నాను. చెవి నిటారుగా లేచి టక్ మంది. ఇంకోసారి. ఇంకోసారి. ఆ ఎర్రమట్టిలో పడుకుని నేను పెద్దగా నవ్వడం మొదలెట్టాను. నాకు పిచ్చెక్కిందేమోనని మావ వంగి చూశాడు.

రాయగడ లేతు మేస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం. అది సైకిలు ఫ్రీవీలే. పెట్రోల్లోనే ఆయిలు కలిసి వచ్చే ఇంజను కదా, కాలు తీసేసిన బండి ఇంజనుని బలవంతంగా తిప్పితే, దానికి ఆయిలు అందక ఎండిపోతుంది. అందుకని కాలు తీయగానే చక్రాలు ఇంజనుని వదిలేసేలా కావాలనే చేశారు. కొండ దిగేటప్పుడు మాత్రం ఆ బుడిపె లాగి, రెండింటినీ కట్టిపడెయ్యాలి, దిగాక మళ్ళీ లోపలికి తోసెయ్యాలి. అంతే. ఆ బండికి ఏ జబ్బూ లేదు. నాకు సంతోషం పట్టలేదు. రాయి దగ్గరకి రివర్సులో ఎక్కించి మళ్ళీ దింపాను. మూడుసార్లు చేశాక, పరీక్ష పూర్తి కావాలి కదా, కాయ విప్పేసి, బుడిపె మాత్రం లాగి ఉంచుతాను మావా అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని బండి దిగి, రాయి పక్కన నిలబడ్డాడు. నేనొక్కణ్ణే రెండు మలుపులు దిగాను. కాయ లేకుండా కూడా పట్టింది. చేతులు పైకెత్తి కేక పెట్టాను.

పైకి వచ్చి అంతా చెప్పాను. లాగిన బుడిపెదే పని, కాయది కాదు అని కూడా చెప్పాను. అప్పుడు ఆయన చెప్పింది నేను చచ్చేదాకా మరిచిపోను.

"పాదిరీ దొర కూడా ఇక్కడే ఆపీవోడు. దీన్ని లాగి, కళ్ళు మూసుకుని ఏటో సదువుకునీవోడు. ఆరి పూజ అదీ అనుకున్నాను. ఆరు ఎల్లిపోనాక నాకు ఆరి మంత్రం రాదు కదా. నాకు తెలిసింది నాను కట్టేను."

నా సంతోషం అక్కడితో సరి. దొర లాగాడు, ఈయనా లాగాడు. ఇద్దరి చేతుల్లోనూ బండి ఒక్కనాడు కూడా జారలేదు. పదిహేనేళ్ళుగా ఒక్క తప్పు చెయ్యని మనిషిని, మూడు నెలలు దొంగని చేసి బజారులో నిలబెట్టినవాణ్ణి నేను. నా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. సాలూరు వైపు కాకుండా బండిని కోరాపుట్ వైపు తిప్పాను. దారిలో, పేష్కారు గారికి అంతా చెప్పేస్తానని, నా తప్పేనని అన్నాను.

"తప్పు సేసేనని సెప్పకు," అన్నాడు మావ రోడ్డు వైపే చూస్తూ. "నీకు తెలీదని సెప్పు. తెలీనోడికి నేరుపుతారు. తప్పు సేసినోడికి పని పోద్ది. నాకు తెలుసు కదా."

బండి ఆపి ఏడవాలనిపించింది. ఆపలేదు. కళ్ళు తుడుచుకుంటూ పోనిచ్చాను.

వసారాలో నిలబడి, ఏదీ దాచకుండా చెప్పాను. తెలియక చేశానని కాదు, లేతు మేస్త్రీ చెప్పినా వినలేదని, చూడాల్సిన తీగ చూడలేదని, చూడకుండానే మనిషి మీద నింద వేశానని చెప్పాను. పేష్కారు గారు చాలాసేపు నుదుటి మీద మచ్చ తడుముకుంటూ కూర్చున్నారు. ఇతనన్నాడు సరే, నేనెలా నమ్మానోయ్ అని తనలో తను అనుకున్నారు. అమ్మగారు నా చేతిలోంచి తాళం చెవి తీసుకుని ఆయన చేతిలో పెట్టారు. ఆయన లేచి, తనే మెట్లు దిగి వచ్చి, దాన్ని మావకి ఇవ్వబోయారు.

మావ చేతులు కట్టుకునే ఉన్నాడు, చాచలేదు.

"నా పేరు ఈ అరుగు మీద పోలేదండి. బస్టాండులో పోనాది. అక్కడ సెప్పించండి."

పేష్కారు గారు ఉత్తరీయం భుజాన వేసుకున్నారు. బస్టాండు వైపు నడిచి వెళ్ళడం ఆయనకి అలవాటు లేని పని. ఆయన ముందు, మావ వెనక, మధ్యలో నేను. మధ్యాహ్నం బస్సులు వచ్చే వేళ. డ్రైవర్లూ క్లీనర్లూ టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక బస్సు మెట్టెక్కి, తెలుగులో ఒకసారి, వచ్చీరాని ఒడియాలో ఒకసారి చెప్పాను. ఈయన న్యూట్రల్లో దించలేదు, పెట్రోలు తియ్యలేదు, బండి పాడుచెయ్యలేదు, నేను చెప్పింది అబద్ధం అన్నాను. బుడిపె సంగతి చెప్పేసరికి ఒకడు ఫక్కున నవ్వాడు. వాడిని చూసి అందరూ నవ్వారు. నాకు అక్కడే బుడిపె మెకానిక్కు అని పేరు పెట్టారు. ఉద్యోగం మానేసే రోజు దండ వేసినప్పుడు కూడా ఆ పేరే పిలిచారు.

నవ్వు ఆగేదాకా మావ ఊరుకున్నాడు. తరవాత పెద్దగా కాదు, పక్కవాడికి చెప్పినట్టు అన్నాడు.

"మూడు నెల్లు నన్ను దొంగన్నారు. ఈడొక్కడే మళ్ళీ ఒచ్చి కాదని సెప్పేడు. మిగతావోళ్ళు ఏటి సెప్తారు?"

వాళ్ళలో వయసులో పెద్దవాడైన ఒక లారీ డ్రైవరు తన టీ గ్లాసు కింద పెట్టి, మావకి ఇంకో టీ చెప్పాడు. మావ నిలబడే తాగాడు, మూడు నెలల తరవాత ఆ దుకాణంలో మొదటి టీ. గ్లాసు ఇచ్చేసి, పేష్కారు గారి ముందు రెండు చేతులూ చాచాడు. ఆయన తాళం చెవి పెట్టారు.

మేం తిరిగి వెళ్ళేసరికి ఎర్రమట్టి కొట్టుకుపోయిన ఆ చిన్న కారు గేటు ముందే ఉంది. మావ తలగుడ్డ విప్పి, దానితో అద్దం తుడిచి, మళ్ళీ చుట్టుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను డుబుక్ మంది. నేను ఏం చెయ్యాలో తోచక రోడ్డు మీదే నిలబడ్డాను. ఆయన పక్క సీటు తలుపు లోపల్నించి తోసి తెరిచాడు.

"ఎక్కు. సాలూరు ఎల్లాల. అక్కడోడు మన బండి కోసం సుత్తి పట్టుకు కూకోనుంటాడు. ఇవ్వం, పో అని సెప్పి ఒద్దాం."

నేను ఎక్కాను.